రుచి తెలిసినవాళ్ళు

టీ పొడి కొనడం, టీ ఆకు కొనడం ఒకటి కాదు. మొదటిది కిరాణా కొట్టు పని: పావుకిలో ప్యాకెట్, చిల్లర, అయిపోయింది. రెండోదానికి తీరిక కావాలి. డార్జిలింగ్‌లో విడి ఆకు అమ్మే మంచి కొట్టుకి వెళ్తే ముందు కూర్చోమంటారు. డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెడతారు. మార్చి, ఏప్రిల్‌లో కోసిన ఫస్ట్ ఫ్లష్‌కి లేత పూల వాసన. మే, జూన్‌లో వచ్చే సెకండ్ ఫ్లష్‌లో ద్రాక్షపండుని తలపించే మస్కటెల్ కోసం జనం పడిచస్తారు. ఏ తోట, ఎంత ఎత్తు, ఏ నెల కోత, అన్నీ చెప్తారు. పాలు పోసుకుంటానంటే మాత్రం మొహం కాస్త మాడుతుంది.

నాకీ తతంగం ఇష్టమే. డబ్బున్నవాళ్ళ వేషం అని కొట్టిపారేయలేను. ఒక వస్తువుని ఇంత శ్రద్ధగా చూడటమంటే దాన్ని చేసినవాళ్ళని గౌరవించడమే కదా అని ఒక వాదన ఉంది. బలమైన వాదనే. ఇరానీ చాయ్‌లో పడిన డస్ట్ ఎక్కడిదో మనం ఎప్పుడూ అడగం. ఇక్కడ ఊరి పేరైనా అడుగుతున్నాం.

కానీ ఆ డబ్బా మీద పేరు తోటది. కోసిన మనిషిది కాదు. ఆ ధరకి కారణం మాత్రం ఆ మనిషి చేతులే. నిటారు కొండవాలు మీద నిలబడి రెండాకులూ ఒక మొగ్గా చొప్పున గిల్లాలి. చేసేది ఎక్కువగా ఆడవాళ్ళు. కిలో టీకి నాలుగు కిలోలకి పైగా పచ్చాకు పడుతుంది. 2023లో పశ్చిమ బెంగాల్ తోటల్లో రోజు కూలి 250 రూపాయలు చేశారు. మంచి ఫస్ట్ ఫ్లష్ వంద గ్రాముల ధర చాలాసార్లు అంతకంటే ఎక్కువ. (ఇల్లు, వైద్యం కూడా ఇస్తున్నాం, అదీ లెక్కేయండి అంటారు యజమానులు. లెక్కేద్దాం. అప్పుడైనా ఆమె ఆ కొట్లో కూర్చుని ఆ డబ్బా వాసన చూడగలదా?)

పక్క అరలో అస్సాం ఆకు ఉంటుంది. అదైతే మనకి మరీ పరాయిదేం కాదు. బ్రిటిష్ కాలంలో గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా కూలీలని ఆ తోటలకి తరలించారు. వాళ్ళ వారసులు ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

2017లో గూర్ఖాలాండ్ కోసం డార్జిలింగ్ కొండల్లో 104 రోజుల బంద్ జరిగింది. జూన్‌లో మొదలవడంతో సెకండ్ ఫ్లష్ చాలావరకు కొమ్మల మీదే ముదిరిపోయింది. చేతులు ఆగితేనే అవి ఉన్నాయని కొట్టు దాకా తెలిసింది.

అలాగని కొనడం మానేస్తే ఎవరికి మేలు? తోట మూతపడితే ముందు ఆరేది ఆమె ఇంటి పొయ్యే. మానడం సులువు, పైగా మనకి మంచివాళ్ళమన్న తృప్తి కూడా మిగులుతుంది. నాకు ఆ తృప్తి మీదే అనుమానం. ఎత్తెంత అని అడిగిన నోటితో కూలెంత అని కూడా అడగొచ్చు కదా. ఒకసారి అడిగాను. కొట్టాయన చేతిలో చెంచా ఆగింది.

"అది తోటవాళ్ళని అడగాలి మేడమ్," అని ఇంకో డబ్బా మూత తీశాడు.