మార్కుల కాగితం, నాన్న సంతకం

సోలాపూర్ తూర్పు పేటల్లో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య రేడియో వింటున్న పద్మశాలి కుటుంబాలకు ఈ పూట ఒక వెబ్ సిరీస్ చూడమని చెప్పాలనుంది. పేరు ‘నైంటీస్: ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’. ఆదిత్య హాసన్ దర్శకత్వంలో 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చింది. ఆరే భాగాలు.

లెక్కల మాస్టారు చంద్రశేఖర్‌గా శివాజీ, ఆయన భార్యగా వాసుకి నటించారు. ముగ్గురు పిల్లలు, పరీక్షలు, మార్కులు, రోజూ ఉప్మా. అన్నిటికన్నా నాకు నచ్చింది చిన్నవాడు ఆదిత్య. చదువు ఎక్కదు, మాట మాత్రం తడబడదు. వాడిని చూసి నవ్వుతాం గానీ, కథ వాడిని ఎక్కడా చిన్నబుచ్చదు. చదువు రాని పిల్లవాడిని అంత ప్రేమగా చూపడం మన తెరమీద అరుదు. అయితే తల్లి పాత్రకు ఇంకొన్ని సన్నివేశాలు దక్కాల్సింది.

మన పేటలకు ఈ సిరీస్ మరింత అవసరం. తాతలు తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చారు. మనవలు చాలామంది మరాఠీ బడిలో చదువుతున్నారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. ఇందులోని తెలుగు ఇంట్లో మాట్లాడుకునే తెలుగే. చెవితోనే అందుతుంది.

అమ్మలారా, ఈ ఆదివారం బీడీలు చుట్టే చాట కాసేపు పక్కన పెట్టండి. నాయనమ్మనూ పిల్లలనూ కూర్చోబెట్టుకుని మొదటి భాగం చూడండి.