ఒక్కసారే కదా!



“ఒక్కసారే కదా, ఏమవుతుంది?” ఈ మాట మన ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. ఒక్క దొంగ సంతకం, ఒక్క తప్పుడు సర్టిఫికెట్టు, కోర్టులో ఒక్క అబద్ధపు సాక్ష్యం. మనసులో విశ్వాసం ఉంటే చాలదా, పైకి ఎలా నడుచుకుంటే ఏమిటని సర్దిచెప్పుకుంటాం. ఈ ప్రశ్నకు ప్రాణమిచ్చి జవాబు చెప్పిన ఒక ఇంగ్లాండు యువ ప్రభువును గురించి ఈ వారం ధ్యానిద్దాం.

పునీత ఫిలిప్ హోవర్డ్ 1557లో లండనులో జన్మించారు. తండ్రి నార్ఫోక్ డ్యూకు. జ్ఞానతండ్రి సాక్షాత్తు స్పెయిను రాజు రెండవ ఫిలిప్. 14 ఏళ్ళకే ఆన్ డేకర్‌తో వివాహమైంది. 1572లో తండ్రికి రాజద్రోహ నేరంపై శిరచ్ఛేదం జరిగింది. అయినా కుమారుడు ఎలిజబెత్ రాణి కొలువులోనే చేరి, ఆమె మెప్పు కోసం డబ్బును నీళ్ళలా ఖర్చుపెట్టారు. ఇంటిదగ్గర భార్య ఒకతె ఉన్నదన్న సంగతే మరిచారు. చూశారా, ఆయన పుట్టుకతో పునీతుడు కాదు!

1581లో లండను టవరు కోటలో బందీగా ఉన్న యేసుసభ గురువు ఎడ్మండ్ క్యాంపియన్, చిత్రహింసలతో నలిగిన శరీరంతో ప్రొటెస్టెంటు పండితులకు జవాబులు చెప్పారు. ఆ వాదనలు విన్న ఫిలిప్ హృదయం కదిలింది. ఆయన భార్య దగ్గరకు తిరిగి వచ్చారు. ఆమె ఆయనకంటె ముందే కతోలిక విశ్వాసాన్ని స్వీకరించి, అందుకు నిర్బంధం కూడా అనుభవించారు. 1584లో ఆయనా శ్రీసభలో చేరారు. 1585 ఏప్రిల్‌లో దేశం విడిచి వెళ్తుండగా సముద్రంపై పట్టుబడ్డారు. 10,000 పౌన్ల జరిమానా, టవరులో ఖైదు. 1589లో మరణశిక్ష విధించారుగాని అమలు చేయలేదు. ఆరేళ్ళపాటు ఏ రోజు తన చివరి రోజో తెలియకుండా బ్రతికారు.

ఆయన ఖైదులో పడిన తరువాత కొడుకు పుట్టాడు. 1595లో మరణశయ్యపై ఉండి, భార్యను, ఒక్కసారైనా చూడని ఆ బిడ్డను చూడనిమ్మని వేడుకున్నారు. ఒక్కసారి ప్రొటెస్టెంటు ఆరాధనకు హాజరైతే భార్యాబిడ్డలనే కాదు, ఆస్తిని, హోదాను కూడా తిరిగి ఇస్తామని రాణి జవాబు పంపినట్లు ఆయన చరిత్ర చెబుతుంది. ఆయన ఒప్పుకోలేదు. అక్టోబరు 19న, 38వ ఏట, వారిని చూడకుండానే కన్నుమూశారు.

ఇది న్యాయమేనా అని మీరు అడగవచ్చు. అసలే భార్యకు అన్యాయం చేసిన మనిషి, ఆమె కోసం ఒక్క మెట్టు దిగకూడదా? ఆలోచించండి. రాణి మెప్పు కోసమే ఆయన ఒకప్పుడు భార్యను మరిచారు. ఇప్పుడు అబద్ధంతో మళ్ళీ ఆ మెప్పునే కొనుక్కొని భార్యకు ఏమి తెచ్చి ఇవ్వగలరు? ఏ విశ్వాసం వారిద్దరినీ కలిపిందో దానినే కాలదన్నిన భర్తనా?

ఈనాడు ఇతర క్రైస్తవ సోదరులతో కలిసి ప్రార్థించడం వేరు. ఆనాడు ఆ ఆరాధనకు హాజరుకావడమంటే విశ్వాస విషయాల్లో రాణిదే అధికారమని నలుగురి ఎదుట ఒప్పుకోవడమే. నెలకు 20 పౌన్ల జరిమానా భరించలేక పైకి తలవంచిన సామాన్యులు ఎందరో ఉన్నారు. వారిపై మనం రాళ్ళు వేయవద్దు. కాని ఆ ఒక్కసారిని లోకమంతా చూస్తుందని ఫిలిప్‌కు తెలుసు. మక్కబీయుల రెండవ గ్రంథంలో వృద్ధుడైన ఎలియాసరు కూడా, తన నటన చూసి యువకులు దారితప్పుతారనే కదా, ప్రాణం విడిచాడు!

తల్లిదండ్రులారా, మన ఒక్కసారిని కూడా చూసే కళ్ళు మన ఇంట్లోనే ఉన్నాయి. బడిలో సీటు కోసం మనం రాసే అబద్ధం మన బిడ్డకు మొదటి పాఠమవుతుంది. మరొక్క మాట. విశ్వాసం పేరుతో ఇంటిని నిర్లక్ష్యం చేసేవారికి ఫిలిప్ ఆదర్శం కాడు. టవరుకు వెళ్ళకముందే ఆయన ఇంటికి తిరిగి వచ్చారు. ఆయన మారుమనస్సుకు మొదటి ఫలం అదే.

1970లో ఆరవ పౌలు పోపుగారు ఇంగ్లాండు, వేల్సు దేశాల 40 మంది వేదసాక్షులలో ఒకరిగా ఆయనను పునీతునిగా ప్రకటించారు. “ఒక్కసారే కదా” అన్న మాట ఈసారి మన నాలుక మీదికి వచ్చినప్పుడు, ఆ చెరసాల గదిని ఒక్క క్షణం తలచుకుందాం.

పునీత ఫిలిప్ హోవర్డ్ గారా, మా కుటుంబాల కొరకు ప్రార్థించండి.