గడప మీది పసుపు: నిలిచేదా, నిత్యమా?

తెలుగువారి ఇళ్ల సింహద్వారం దగ్గర గత కొన్ని దశాబ్దాలలో ఒక మార్పు నెమ్మదిగా స్థిరపడింది. పూర్వం ఇల్లాలు స్నానం చేసి, తడిగుడ్డతో గడప తుడిచి, పసుపు ముద్ద రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వాటి మధ్య బియ్యప్పిండితో గీతలు దిద్దిన చోట, ఇప్పుడు అనేక ఇళ్లలో మెరిసే పసుపు ఎనామెల్ రంగు, దాని మీద ఎర్ర రంగు బొట్లు, తెల్ల రంగుతో గీసిన ముగ్గు కనిపిస్తున్నాయి. ఎనామెల్ అంటే ఆరిన తరువాత గాజులాగా నునుపుగా, గట్టిగా మెరిసే నూనె ఆధారిత రంగు. ఈ మార్పును కొందరు సౌకర్యమంటారు, మరికొందరు ఆచారభ్రంశమంటారు. ఆ రెండు తీర్పులకూ ముందు తేల్చుకోవలసిన తాత్త్విక ప్రశ్న ఒకటి ఉంది: ప్రతిదినం చేయవలసిన పనికి బదులుగా, ఒక్కసారి చేసి ఏళ్ల తరబడి నిలుపుకోగల వస్తువును ఉంచవచ్చునా?

ప్రశ్న యొక్క మెలిక ‘నిత్యం’ అనే మాటలోనే ఉంది. ఆత్మ నిత్యమని చెప్పినప్పుడు ఆ మాటకు నాశనం లేనిదని అర్థం. నిత్యపూజ, నిత్యకృత్యం అన్నప్పుడు అదే మాటకు రోజురోజూ మళ్లీ చేసేదని అర్థం. మొదటి అర్థంలో నిత్యమైనదానిని ఎవరూ చేయనక్కరలేదు, అది ఉండనే ఉంటుంది; రెండవ అర్థంలో నిత్యమైనది ఎవరో ఒకరు చేస్తేనే ఉంటుంది, చేయని రోజున ఉండదు. గడప మీది పసుపు రెండవ అర్థానికి చెందినది. రంగు డబ్బా ఇస్తానని మాట ఇచ్చేది మొదటి అర్థాన్ని. ఒకే మాటలో ఒదిగిన ఈ రెండు నిత్యతల మధ్య జరిగిన మార్పిడి గనుకనే, గడపకు రంగు వేయించుకున్న ఇంట్లో ఏదో పోయినట్టు అనిపించినా, ఏది పోయిందో చెప్పడం కష్టమవుతున్నది.

రంగు ఇచ్చే నిత్యత ఎంతటిదో ముందుగా పరీక్షించాలి. ఎనామెల్‌లో ప్రధానంగా మూడు పదార్థాలుంటాయి: వర్ణాన్ని ఇచ్చే పొడి, ఆ పొడిని పట్టి ఉంచే ఆల్కిడ్ రెసిన్, అంటే ఆరే స్వభావమున్న నూనెలతో కలిపి తయారుచేసిన జిగురు పదార్థం, ఆ రెంటినీ పలుచన చేసే టర్పెంటైన్ వంటి ద్రావకం. పూసిన తరువాత మొదట ద్రావకం ఆవిరైపోతుంది. ఆపైన రెసిన్ గాలిలోని ఆక్సిజన్‌ను గ్రహించి, తన అణువులను ఒకదానితో ఒకటి అల్లుకుని గట్టిపడుతుంది. పొడి తక్కువగా, రెసిన్ ఎక్కువగా ఉండడం వలన పైపొర అద్దంలా చదునై వెలుతురును తిప్పికొడుతుంది. మెరుపు అనేది ఆ చదునుదనమే. అయితే గట్టిపరచిన ఆ చర్య పొర ఆరగానే ఆగిపోదు. అది ఏళ్ల తరబడి సాగి పొరను పెళుసుగా మారుస్తుంది, ఎండలోని అతినీలలోహిత కిరణాలు రెసిన్‌ను విరగగొడతాయి, మెరుపు మాసి, చేత్తో తాకితే పొడి అంటుకునే స్థితి వస్తుంది. వస్తువు నాశనానికి బయటి కారణం అక్కరలేదనీ, పుట్టుకలోనే వినాశం ఇమిడి ఉన్నదనీ చెప్పిన బౌద్ధ క్షణికవాదానికి ఇంతకంటె దగ్గరి ఉదాహరణ ఇంటి ముంగిట దొరకడం అరుదు: ఏ చర్య రంగును నిలబెట్టిందో ఆ చర్యే దానిని పగలగొడుతున్నది.

కాబట్టి మన్నిక అనేది నిత్యత కాదు, రెండు పూతల మధ్య వ్యవధి. ఆ వ్యవధి ఎంతన్నది చెక్కకు ఇచ్చిన శ్రద్ధను బట్టి ఉంటుంది. తడి ఆరని చెక్కకు రంగు పూస్తే లోపలి తేమ బయటికి రాలేక పొరను బుడగలుగా లేపుతుంది. పాత మెరుపు మీద గరుకు కాగితంతో రుద్దకుండా కొత్త పూత వేస్తే అది పట్టు దొరకక పొరలుగా ఊడిపోతుంది. ఒకేసారి మందంగా పూత వేస్తే పైన ఆరి కింద పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది గనుక, ప్రైమర్ తరువాత లప్పంతో గుంతలు పూడ్చి, రెండు పలుచని పూతలు వేయడం మేలు. చెక్క అడ్డంగా కోసిన కొసలలో నీరు మిగిలిన ముఖాలకంటె ఎంతో వేగంగా ఇంకుతుంది. గడప పుచ్చిపోవడం చాలాసార్లు అక్కడే మొదలవుతుంది, అయినా ఆ కొసలు ద్వారబంధంలోకి చొచ్చుకుని కనిపించకుండా ఉంటాయి గనుక వాటికి పూత వేయడం ఎవరికీ గుర్తుండదు.

న్యాయవైశేషికుల భాషలో ఈ పూతకు కచ్చితమైన స్థానముంది. వారి లెక్కలో రంగు ఒక గుణం. గుణం తన ద్రవ్యంలో సమవాయం అనే విడదీయరాని సంబంధంతో ఉంటుంది. టేకు చెక్క గోధుమ వన్నె చెక్కలో సమవాయంతో ఉన్నది. ఎనామెల్ పసుపు మాత్రం చెక్క గుణం కానేకాదు. అది రంగు పొర అనే మరొక ద్రవ్యపు గుణం, ఆ పొర చెక్కతో సంయోగం చెంది ఉన్నది, సంయోగానికి విభాగం ఎన్నటికైనా తప్పదు. ఆ మాటకు వస్తే వైశేషికులు పృథివీ పరమాణువులలోని రంగును కూడా నిత్యమని ఒప్పుకోలేదు. నల్లని పచ్చికుండ ఆవంలో కాలి ఎర్రబారడాన్ని చూపి, వేడి తగిలితే మట్టి తన రంగును విడిచి వేరొక రంగును పొందుతుందని వాదించారు. పరమాణువును నిత్యమన్న వారే దాని రంగును అనిత్యమనడం గమనించదగినది.

పసుపు ముద్ద కథ ఇంకా ఆసక్తికరమైనది. పసుపు కొమ్ములోని వర్ణద్రవ్యం ఎండకు త్వరగా వెలిసిపోతుంది. రంగుగా చూస్తే అది నాసిరకం రంగు. కానీ అదే పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడుతుంది. పారాణి పుట్టేది అలాగే, సంప్రదాయ పద్ధతిలో కుంకుమ తయారయ్యేదీ పసుపును క్షారంతో ఎరుపెక్కించడం వలననే; అంటే గడప మీది పసుపూ దాని మీది బొట్టూ ఒకే దుంప ధరించిన రెండు వన్నెలు. ఎనామెల్‌కు ఆ సున్నమే శత్రువు. ఇంకా పచ్చిగా ఉన్న సున్నపు గోడ మీదనో సిమెంటు గోడ మీదనో ఆల్కిడ్ రంగు వేస్తే, క్షారం అందులోని నూనె భాగాన్ని సబ్బుగా మార్చి పొరను జిగటగా చేసి ఊడదీస్తుంది. అందుకే వెలుపలి గోడలకు ఆక్రిలిక్ ఎమల్షన్, తలుపులకూ ద్వారబంధాలకూ ఇనుప కమ్మీలకూ ఎనామెల్ అనే విభజన ఏర్పడింది. తాకిన ప్రతిదానితో మారడానికి సిద్ధంగా ఉన్న రంగు ఒకటి, ఏది తాకినా మారకూడదని తయారైన రంగు మరొకటి.

ఇక అసలు ప్రశ్నను శాస్త్రీయంగా విచారించడానికి తగిన సాధనం వైదికకర్మలను విచారించే మీమాంసలో ఉంది. జైమిని సూత్రాల ఆరవ అధ్యాయంలో ‘ప్రతినిధి’ విచారం వస్తుంది. ప్రతినిధి అంటే యాగానికి విధించిన ద్రవ్యం దొరకనప్పుడు దాని బదులు వాడే ద్రవ్యం. వ్రీహి ధాన్యం దొరకకపోతే దానిని పోలిన నీవారధాన్యం వాడవచ్చు. సోమలత దొరకకపోతే ప్రత్యేక వచనం ఉన్నది గనుక పూతీక అనే తీగను వాడవచ్చు. కానీ దేవతకు, అగ్నికి, మంత్రానికి, క్రియకు ప్రతినిధి లేదని మీమాంసకులు గట్టిగా చెప్పారు. దానికి వారిచ్చిన కారణం లోతైనది. ధాన్యం చేసే పని, అంటే పిండి అయి పురోడాశం అనే హోమపు రొట్టె కావడం, కంటికి కనిపించే ప్రయోజనం. కనిపించే పనిని దానిని పోలిన వేరొకటి చేయగలదని చెప్పవచ్చు. క్రియ వలన కలిగే ఫలితం అదృష్టం, అంటే కంటికి అందనిది. కంటికి అందనిదానిని ఏ ఇతర క్రియ పోలి ఉన్నదో నిర్ణయించే ఆధారం ఎవరి దగ్గరా లేదు. కర్మకు స్వామి అయిన యజమానికి కూడా ప్రతినిధి లేడు.

ఈ న్యాయాన్ని గడపకు అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. గడపకు పసుపు రాయడం వేదం విధించిన శ్రౌతకర్మ కాదు, అది ఆచారం, పెద్దలు చేయగా చూసి నేర్చుకున్నది. యాగ విషయంలో పుట్టిన సూత్రాలు దానిని శాసించవు, దారి మాత్రమే చూపుతాయి. ఆ దారిలో చూస్తే, పసుపు కొమ్ములు దొరకని పరదేశంలో ఒక తెలుగు కుటుంబం గడప మీద వేరొక పసుపు పొడిని అద్దితే అది ద్రవ్యప్రతినిధి, ఆక్షేపణకు తావు లేనిది. ఎనామెల్ విషయం వేరు. అక్కడ ద్రవ్యం మారడంతో సరిపోలేదు: వంగి తుడిచి రాసే క్రియ పోయింది, ఆ క్రియకు యజమానురాలైన ఇల్లాలి స్థానంలోకి కూలికి వచ్చిన పెయింటరు వచ్చాడు, ప్రతి ఉదయం అనే కాలం పోయి కొన్నేళ్లకొకసారి అనే కాలం వచ్చింది. ద్రవ్యం, క్రియ, కర్త, కాలం నాలుగూ మారిన తరువాత మిగిలింది వర్ణసాదృశ్యం ఒక్కటే. మీమాంసకుని ముందు ఆ ఒక్క సాదృశ్యం నిలవదు.

ఈ వాదానికి బలమైన ఎదురువాదం ఒకటి ఉంది, దానిని తేలికగా తోసిపుచ్చడం అన్యాయం. ప్రతి ఉదయం నడుము వంచి గడప కడిగినది ఎవరు? తరతరాలుగా స్త్రీలు. తెల్లవారకముందే లేచి, ఇంటి పనీ బయటి ఉద్యోగమూ రెండూ మోసే స్త్రీకి రంగు డబ్బా ఒక విడుదల. ఆమె అలసటను లెక్కపెట్టని శాస్త్రచర్చ ఎంత సూక్ష్మమైనదైనా కఠినమైనదే. అయితే ఈ కష్టానికి సమాధానం మీమాంస లోపలే ఉన్నది. కామ్యకర్మను, అంటే ఒక కోరికతో చేసే కర్మను, అన్ని అంగాలతో పూర్తిగా చేస్తేనే ఫలమనీ, నిత్యకర్మను మాత్రం యథాశక్తిగా, కొన్ని అంగాలు లోపించినా చేయవచ్చుననీ అదే ఆరవ అధ్యాయం తేల్చింది. జీవితాంతం విడువరాదని చెప్పిన కర్మకే ఇంతటి వెసులుబాటు ఇవ్వడం మానవస్వభావాన్ని ఎరిగిన నిర్ణయం. చిటికెడు పసుపు, ఒక్క బొట్టు, అర నిమిషం చాలునని చెప్పడానికి ఈ న్యాయం సరిపోతుంది. ఆ అర నిమిషం స్త్రీదే కావాలనే నియమం ఏ తర్కానికీ నిలవదు. గృహస్థుడు అని పేరు పెట్టుకున్నవాడు ఆ ఇంటి గడప ముందు వంగలేకపోవడానికి కారణం చూపవలసి ఉంటుంది. ఎనామెల్ స్త్రీ భారాన్ని తగ్గించిన మాట నిజమే, కానీ ఆ భారాన్ని ఇంట్లో పంచుకునే అవసరాన్ని కూడా అది కనబడకుండా కప్పివేసింది.

మంగళం అనే భావన నుంచి మరొక విచారం కూడా వస్తుంది. మెరిసే పసుపు, నారింజ రంగులకు చాలాకాలం సీసపు క్రోమేటును వాడారు. సీసం పసిపిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. దానికి నిరపాయకరమైన పరిమాణం ఇంతవరకు తెలియదు. భారత ప్రభుత్వం 2016లో నియమాలు చేసి, గృహాలంకరణ రంగులలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించరాదని 2017 నవంబరు 1 నుంచి అమలులోకి తెచ్చింది. అంతకు ముందు పూసిన గడపలు ఇంకా ఉన్నాయి. పాకే బిడ్డ మొదట చేయి ఆనించి దాటేది గడపనే, ఆ చేయి మరుక్షణం నోటిలోకి పోతుంది. బిడ్డ గడప దాటిన రోజును వేడుక చేసుకునే సంస్కృతిలో, ఆ గడప మీద రాలుతున్న పాత రంగు పెచ్చులను అలక్ష్యం చేయడం ధర్మసమ్మతం కాజాలదు. పాత పొరను పొడిగా రుద్ది దుమ్ము లేపకుండా తడిపి రుద్దాలి, ఆ పని జరిగేటప్పుడు పిల్లలనూ గర్భిణులనూ దూరంగా ఉంచాలి, రాలినదంతా తడిగుడ్డతో ఎత్తివేయాలి, కొత్త డబ్బా కొనేటప్పుడు దాని మీద సీసం గురించి రాసినది చదివి కొనాలి. అహింస అనే పెద్ద మాట గృహస్థు జీవితంలో ఇంత చిన్న పనులుగా దిగివస్తుంది.

అన్నిటికంటె బలమైన సాక్ష్యం శాస్త్రంలో కాక వాడుకలో దొరుకుతుంది. పసుపు ఎనామెల్ వేసిన ఇళ్లలోనే శుక్రవారం ఉదయం గమనిస్తే, ఆ మెరిసే పసుపు మీద మళ్లీ నిజమైన పసుపు రాసి, రంగుతో వేసిన ఎర్ర బొట్టు మీదనే కుంకుమ బొట్టు పెట్టడం కనిపిస్తుంది. నునుపైన పొర మీద పసుపు సరిగా పట్టదు, చెక్కలాగా పీల్చుకోదు, ఆరగానే పొడిగా రాలుతుంది, అయినా రాస్తారు. రంగు పసుపుకు ప్రతినిధి అని ఆ ఇంటివారు నమ్మి ఉంటే ఈ పునరుక్తికి అర్థం ఉండేది కాదు. వారు రంగును అధికరణంగా, అంటే పూజ జరిగే ఆధారంగా మాత్రమే తీసుకున్నారు. చెక్కను వాననుంచి, ఎండనుంచి, చెప్పుల రాపిడినుంచి కాపాడే పనిని రంగుకు అప్పగించి, గడపను పలకరించే పనిని తమ దగ్గరే ఉంచుకున్నారు. ఆ పంపకాన్ని సక్రమంగా పాటించాలంటే గడప కొసలకూ అడుగు ముఖానికీ ప్రైమరూ రంగూ పుష్కలంగా ఇచ్చి, పై ముఖాన్ని నూనె పట్టించిన వట్టి చెక్కగా ఉంచితే చాలు. వారం వారం రాసే పసుపుకు అక్కడ పట్టు దొరుకుతుంది, మాసిపోయినప్పుడు మాసినట్టు కనిపిస్తుంది.