చలివేంద్రము వద్ద దప్పికగొన్నవాని ధర్మము

వేసవిలో బాట ప్రక్క పందిరి వేసి, క్రొత్త కుండలలో నీరు నింపి, వచ్చినవారి దోసిట పోయుట తెలుగు పల్లెలలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఆ చలివేంద్రము వద్ద దప్పికగొన్న బాటసారి ఏమి కోరవచ్చును? నీరు నిర్మలముగా నుండవలెనని కోరవచ్చును. కుండ నిండుకొన్నచో ఆ మాట దాచక చెప్పవలెనని కోరవచ్చును. అంతే కాని, "మజ్జిగ ఏల పోయవు? అర్ధరాత్రి పందిరి ఏల మూసితివి?" అని గద్దించు అధికారము వానికి లేదు.

ఇట్టి చలివేంద్రములు నేడు కంప్యూటరు లోకమునను వెలసినవి. వానిని ఓపెన్ సోర్స్ సాఫ్టువేరు అందురు. ప్రోగ్రాము వ్రాసినవాడు దాని మూలపాఠమును దాచక లోకమునకు ఇచ్చివేయును. ఎవరైనను దానిని వాడుకొనవచ్చును, సరిదిద్దవచ్చును, ఇతరులకు పంచవచ్చును. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్స్ నేడు ఆండ్రాయిడ్ ఫోనులన్నిటికి ఆధారమై యున్నది. ఈ రంగమున జీతముపై పనిచేయువారును కలరు. కాని పగలు ఉద్యోగము చేసి, రాత్రి తీరిక వేళ ఉచితముగా ఈ సేవ చేయువారు పెక్కురు.

పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బసవేశ్వరుడు బోధించిన కాయక దాసోహములకు ఇది దగ్గరగా నున్నది. ఒడలు వంచి చేయు పని కాయకము. దాని ఫలమును వినయముతో పంచుట దాసోహము. ఇచ్చువాడు "నేను దాసుడను" అని తలవంచును. అది వాని వినయము. అది చూచి పుచ్చుకొనువాడు "అట్లయిన నేను యజమానిని" అని తల యెత్తినచో అది అపచారము. నేటి వాడుకరులలో కానవచ్చు దోషము ఇదియే.

ఈ దోషమువలన కలుగు కీడు చిన్నది కాదు. సమాచారమును కుదించి మూటకట్టు ఎక్స్‌జడ్ అను ప్రోగ్రామును ఏండ్ల తరబడి ఒక్క వ్యక్తియే కాపాడుచుండెను. 2022లో కొందరు "పని మందగించినది, మరొకరికి అప్పగింపుము" అని వానిని పదే పదే నొప్పించిరి. ఇది జీతము లేని పనియనియు, తన మనస్సు స్వస్థముగా లేదనియు అతడు చెప్పుకొనెను. కడకు సహాయకుడుగా వచ్చిన ఒక అపరిచితునకు అధికారము పంచియిచ్చెను. ఆ అపరిచితుడు 2024లో అందులో దొంగదారి నొకదానిని అమర్చెను. గద్దించినవారును వాని పక్షమువారే యని పలువురి అనుమానము. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన కంప్యూటరు అర సెకను ఆలస్యముగా పలుకుట గమనించి, కారణము వెదకి, మార్చి 29న లోకమునకు చాటెను. అందువలన పెను ప్రమాదము తప్పినది. అలసినవానిని పరుషముగా పలుకుట దొంగకు తలుపు తీయుటయే యైనది.

చలివేంద్రము నీటిని పీపాలలో నింపుకొనిపోయి అమ్ముకొను వర్తకుని మాట వేరు. అంతర్జాలమున రహస్యములను కాపాడు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ను గొప్ప గొప్ప సంస్థలు వాడుకొనుచుండెను. దానికి వచ్చు విరాళము ఏటికి సుమారు 2,000 డాలర్లు మాత్రమే. 2014 ఏప్రిలులో "హార్ట్‌బ్లీడ్" అను లోపము బయటపడిన తరువాతనే సంస్థలు ధనమిచ్చుటకు ముందుకు వచ్చినవి. లాభము పొందువాడు శ్రమకు వెల యిచ్చుట దానము కాదు, ఋణము తీర్చుట.

ఇచ్చువానికిని ధర్మము కలదు. పని మానుకొనదలచినచో మానుకొనవచ్చును. కాని ఆ మాట చెప్పవలెను. తెలిసిన లోపమును దాచరాదు. 2022 జనవరిలో ఒక రచయిత కోపముతో తన రెండు ప్రోగ్రాములను తానే చెడగొట్టగా, వానిని నమ్ముకొన్న ఎందరి పనులో ఆగిపోయినవి. పందిరి విప్పుట తప్పు కాదు. కుండలో విషము కలుపుట తప్పు.

కావున వాడుకరి కోరదగినది సత్యము. కోరదగనిది ఎదుటివాని కాలము. తాను చేయదగినదియు కలదు. లోపము కనబడినచో తానేమి చేసినది, ఏమి జరిగినది వివరముగా, మర్యాదగా తెలుపవలెను. చేతనైనచో దిద్దవలెను, లేదా విరాళమీయవలెను. లిబ్రెఆఫీసు, ఫైర్‌ఫాక్స్ తెలుగున కనబడుట అనువాదము చేసిన స్వచ్ఛంద సేవకుల చలువయే.

ఆయ్దక్కి మారయ్య బసవేశ్వరుని ముంగిట రాలిన బియ్యమును ఏరి దాసోహము నడపెడివాడు. ఒకనాడు ప్రతిదినముకంటె అధికముగా తేగా, అది ఆశయని గ్రహించి లక్కమ్మ మిగిలినదానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మనెనని శరణ చరిత్రలు చెప్పుచున్నవి. ఊరక లభించు వస్తువు వద్దనే మనుజుని ఆశకు పరీక్ష. మఠమున పంక్తిలో కూర్చున్న భక్తుడు వడ్డించువానిపై కేకలు వేయడు; భోజనమైన పిదప తానును గరిటె పట్టును. ఆ మర్యాదయే ఈ క్రొత్త పంక్తియందును చెల్లును.