గాయపడినవాని మాట ముందు వినాలి



మన భాషలో ఒక విశేషముంది. గురువుకు అప్పగించిన విశ్వాసుల సమాజాన్ని మనం ‘విచారణ’ అంటాం. కోర్టులో జరిగేదాన్ని కూడా విచారణ అనే అంటాం. కష్టంలో ఉన్నవారి ఇంటికి వెళ్లి మంచిచెడ్డలు అడగడం కూడా విచారించడమే. ఈ మూడింటికీ సంబంధమేమిటో ఈ వారం మీతో కలిసి ఆలోచించాలనుకుంటున్నాను.

కొన్నేళ్ల క్రితం అడవి అంచు పల్లె నుండి ఒక కోయ తల్లి నా దగ్గరకు వచ్చింది. ఆమె కొడుకును ఎవరో చితకబాదారు. స్టేషనుకు వెళితే “అది మా పరిధి కాదు” అని పంపేశారట. పెద్దమనుషులు ఇంటికొచ్చి, “కేసు కాకముందే రాజీ పడు” అన్నారట. “ఫాదరు గారూ, మీరేమంటారు?” అని అడిగింది. “గొడవలెందుకమ్మా, క్షమించు” అన్నాను. ఆమె మారుమాట లేకుండా వెళ్లిపోయింది. ఏం జరిగిందో పూర్తిగా వినకుండానే నేను క్షమాపణ గురించి బోధించాను. అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇంతకూ ఒక మనిషి బాధితుడయ్యేది ఎప్పుడు? దెబ్బ తిన్ననాడా, పోలీసులు ఛార్జిషీటు వేసిననాడా?

యెరికో దారిలో దొంగల చేతికి చిక్కినవాని కథ మనకు తెలిసిందే. ఆ దొంగలు దొరికారో లేదో క్రీస్తునాథుడు చెప్పలేదు. సమరీయుడు వారికోసం ఎదురుచూడలేదు. గాయాలు కట్టి, సత్రానికి చేర్చి, ఖర్చు భరించాడు. నేరస్థుడెవరో తేలకముందే గాయపడినవానికి చెందవలసినది ఒకటున్నదని దీని భావం. ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వాలనే స్థిర సంకల్పమే న్యాయమని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. బాధితునికి మొదట చెందవలసినది, అతని మాట వినడం.

మరి నిందితుని సంగతేమిటని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. నేరం రుజువయ్యేవరకు అతడు నిర్దోషి. అయితే ఫిర్యాదు రాసుకున్నంత మాత్రాన తీర్పు చెప్పినట్లు కాదు. పైగా సక్రమమైన దర్యాప్తు నిర్దోషిని కూడా కాపాడుతుంది.

దేశ చట్టం కూడా ఇదే దారిలో ఉంది. 2024 జూలై 1 నుండి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగిన నేరం ఎక్కడ జరిగినా, ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నారు. భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. చర్ల అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. మన సరిహద్దు పల్లెలకు ఈ నియమం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

ఫిర్యాదు నోటితో చెబితే పోలీసులు దాన్ని రాసి, చదివి వినిపించాలి. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. స్టేషనులో నిరాకరిస్తే జిల్లా ఎస్.పి.కి పోస్టులో పంపవచ్చు. అప్పటికీ కాకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా తెలియజేయాలి. కేసు మూసివేయాలని పోలీసులు నివేదిస్తే, ముందుగా ఫిర్యాదుదారుని మాట వినాలని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. దర్యాప్తు దశ నుండే బాధితునికి తన మాట వినిపించే హక్కు ఉన్నదని 2022లో స్పష్టం చేసింది. ఎస్.సి., ఎస్.టి.లకు, స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు.

దర్యాప్తు సరిగా సాగకపోతే ఏమవుతుందో విశాఖ మన్యంలోని వాకపల్లిని చూస్తే తెలుస్తుంది. 2007 ఆగస్టులో ప్రత్యేక పోలీసు దళం వారు తమపై అత్యాచారం చేశారని అక్కడి 11 మంది ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక న్యాయస్థానం నిందితులను నిర్దోషులుగా విడుదల చేసింది. అదే తీర్పులో దర్యాప్తును తప్పుపట్టి, ఆ స్త్రీలకు పరిహారం చెల్లించాలని ఆదేశించింది. దాదాపు 16 ఏళ్ల ఎదురుచూపు తరువాత మిగిలింది అది!

కాబట్టి మీ వాడలో ఎవరికైనా అన్యాయం జరిగితే వారిని స్టేషనుకు ఒంటరిగా పంపకండి. చదువుకున్న యువతీయువకులు ఫిర్యాదు రాసిపెట్టండి. కోయ భాష వచ్చినవారు తోడు వెళ్లండి. రాజీ కోసం తొందరపెట్టకండి. క్షమాపణ గొప్ప పుణ్యమే, కాని అది బాధితుడు తనంతట తాను ఇవ్వవలసిన కానుక. దాన్ని వసూలు చేసే అధికారం పెద్దమనుషులకూ లేదు, గురువుకూ లేదు.

ఆ తరువాత నేను ఆ తల్లి ఇంటికి వెళ్లాను. వాకిట్లో మంచం వాల్చి కూర్చోమంది. ఆ సాయంత్రం ఆమె చెప్పింది, నేను విన్నాను. మొదటిరోజే చేయవలసిన పని అది. మీరు నాలాగా ఆలస్యం చేయకండి.