ఇంటిగుట్టు

"ఇంటిగుట్టు లంకకు చేటు" అని పిల్లలకు చెబుతాము. గుట్టు దాటకముందే విభీషణుడు నిండుసభలో అన్నకు హితవు చెప్పాడన్నది మరచిపోతాము.

2023 మే 22న తెలుగు మూలాలున్న 19 ఏళ్ల యువకుడు నాజీ జెండా వెంటబెట్టుకొని, అమెరికా శ్వేతసౌధం సమీపాన భద్రతా అవరోధాలను ట్రక్కుతో ఢీకొట్టాడు. 6 నెలలుగా పథకం వేసుకున్నానని అధికారులకు చెప్పాడు. 2025 జనవరిలో 8 ఏళ్ల జైలుశిక్ష పడింది. ద్వేషం ఒక్కనాడు పుట్టదు.

దోహాలోని మన ఫ్లాట్లలోనైనా, తమ్ముని మాటల్లో మార్పును తల్లిదండ్రులకంటే ముందు గమనించేది అక్కే. విభీషణుడనిపించుకుంటాననే భయం ఆమె నోరు కట్టివేస్తుంది. ముందుగా తమ్మునితో, పిదప అమ్మానాన్నలతో, అవసరమైతే వైద్యునితో చెప్పడం ద్రోహం కాదు, రక్షణ. చెప్పిన బిడ్డను నిందించక వినడం పెద్దలమైన మన ధర్మం. రావణుడు తప్పినది అక్కడే.