మిలేతులో విడువబడినవాడు



గడచిన నెలలో ఒక బుధవారపు ప్రార్థన కూటములో సేవకుల పేర్లు చదువుచుండగా సంఘపెద్ద ఒకరు నడుమ ఆపి మమ్మును ఇట్లడిగిరి: “అయ్యగారూ, మూడేళ్ళని చెప్పి వచ్చి పద్దెనిమిది నెలలకే పెట్టె సర్దుకొని పోయాడు గదా ఆ అబ్బాయి. ఇంకా వాడి పేరు ఎందుకు చదువుతున్నారు?”

ఆ యువకునితో కలిసి ఉయ్యూరు చుట్టుపట్ల పల్లెలలో సువార్త ప్రకటించుటకు వచ్చినవారు ముగ్గురు. ఒకరు నేటికిని ఆ పనిలోనే యున్నారు. ఒకామె నర్సుపని చేసికొనుచున్నది. ఇతడు హైదరాబాదులో ఒక మందుల దుకాణములో లెక్కలు వ్రాయుచున్నాడు. మొదటివానికి మన చప్పట్లు, రెండవ ఆమెకు మన క్షమాపణ, మూడవవానికి మన మౌనము దొరికినవి. ఈ పంపకము న్యాయమా?

అట్టివానిని గూర్చి మాటలాడునప్పుడు మన నోటికి త్వరగా వచ్చునది నాగటిమీద చెయ్యి పెట్టి వెనుకకు చూచువాని వాక్యమే (లూకా 9:62). అయితే ప్రభువు దానిని ఎవరితో చెప్పెనో పై వచనములో చూడుడి. ఇంకను బయలుదేరకమునుపే, మొదట ఇది చేసి వచ్చెదనని షరతు పెట్టినవానితో చెప్పెను. సాలు నడుమ జ్వరముతో పడిపోయినవానితో కాదు. మన కమ్మరి కొలిమిలో కఱ్ఱు కాల్చినట్టు ఆ వాక్యమును కాల్చి, కనబడిన ప్రతివానికి వాత పెట్టుచున్నాము.

పామర్రు మీదుగా బందరు పోవువారు నోబుల్ కాలేజీ పేరు వినియుందురు. ఆ నోబుల్ దొరగారు 1841లో ఒంటరిగా ఈ దేశమునకు రాలేదు. హెన్రీ వాట్సన్ ఫాక్సు దొరగారు ఆయన జతపనివాడు. చర్చి మిషనెరీ సొసైటీవారు తెలుగువారియొద్దకు మొదట పంపిన ఇద్దరు వీరే. నోబుల్ గారు 1843లో పాఠశాల తెరచిరి. ఫాక్సు గారు పల్లెలలో తిరిగి ప్రకటించిరి. కాని ఆయన శరీరము మన ఎండకు తాళలేదు. రెండేండ్లు నీలగిరి కొండలలో గడపవలసి వచ్చెను. 1845లో భార్య మరణించెను. ఒకసారి ఇంగ్లాండు పోయి, మరల వచ్చిరి. మరల వచ్చుట అను ఈ మాటను మనము తొందరగా దాటిపోరాదు. భార్యను పోగొట్టుకొనిన మనుష్యుడు, తన ఆరోగ్యము సంగతి తానెరిగియు, మరల ఓడ ఎక్కెను. అయినను 1848లో పూర్తిగా తిరిగిపోక తప్పలేదు. స్వదేశములో ఆ సొసైటీకే కొద్దికాలము సహాయ కార్యదర్శిగా పనిచేసి, అదే సంవత్సరము అక్టోబరులో, ముప్పదియొకటవ యేట మరణించిరి.

నోబుల్ గారు ఇరువదినాలుగు సంవత్సరములు స్వదేశము ముఖము చూడక, 1865లో బందరులోనే కన్నుమూసిరి. ఆయన పాఠశాలలోని భూషణము, రత్నము అను విద్యార్థులు బాప్తిస్మము పొందినది 1852లో. ఫాక్సు గారు దానిని చూడలేదు. పల్లెలలో ఆయన తిరిగిన తిరుగుడుకు లెక్క చూపుమని ఆనాడు ఎవరైన అడిగియుంటే చూపుటకు ఆయన చేతిలో ఏమున్నది?

అయితే ఆయన చదివిన రగ్బీ పాఠశాలవారు ఆయన జ్ఞాపకార్థము ధనము కూర్చి, బందరు పాఠశాలలో ఒక ఉపాధ్యాయుని పోషించిరి. పల్లె పని విడిచిపోయినవాని పేర స్నేహితుని బడికి గురువు వచ్చెను! 1841లో పుట్టిన ఆయన కుమారుడు హెన్రీ ఎలియట్ ఫాక్సు 1895 మొదలు 1910 వరకు ఆ సొసైటీకే గౌరవ కార్యదర్శిగా నుండెను. ఇవి జరిగినవి గనుకనే ఫాక్సు గారు మంచి సేవకుడని మేము చెప్పుట లేదు. ఇవేవియు జరుగకపోయినను ఆయన 1848లో పడిన వేదన అంతే నిజము.

తిరిగిపోయినవారందరు ఒకటే అని చెప్పుటకు కూడ మాకు ధైర్యము లేదు. పౌలు తన చివరి పత్రికలో ఒకే అధ్యాయమున ముగ్గురిని తలచెను (2 తిమోతి 4). దేమా లోకమును ప్రేమించి విడిచిపోయెనని కన్నీటితో వ్రాసెను. పెర్గేనుండి తిరిగిపోయిన మార్కును ఒకప్పుడు తోడుకొని పోనని పట్టుపట్టినవాడే, ఇప్పుడు పరిచర్యకు పనికివచ్చునని పిలిపించుకొనెను. త్రోఫిమును రోగియైయుండగా మిలేతులో విడిచివచ్చితినని మాత్రము వ్రాసెను. అతడు బాగుపడెనో లేదో అక్కడ వ్రాయబడలేదు. ఊరి చివర నిలిచి చూచువానికి ఆ ముగ్గురి వీపులు ఒక్కలాగే కనబడును.

మేమును ఈ విషయములో నిర్దోషులము కాము. సెమినరీలో మాతో ఒకే గదిలో నుండిన స్నేహితుడు, భార్య జబ్బుచేత, మూడవ యేటనే సంఘమును విడిచెను. అతనికి మేము వ్రాసినది ఒకే ఉత్తరము. అందులో నాగలి వాక్యమున్నది, అతని భార్య ఎట్లున్నదను ప్రశ్న లేదు. అతడు జవాబు వ్రాయలేదు.

గనుక ఆ పెద్దగారిని మేము ఎదురు ప్రశ్న అడిగితిమి. ఆ పద్దెనిమిది నెలలలో ఆ యువకునికి మనము ఒప్పుకొనిన జీతము ఎన్ని నెలలు సకాలమున ముట్టినది? శ్రావణమాసపు వానలలో అతని గది కారుచుండగా ఎవరు తాటాకు పట్టుకొని పోయిరి? జ్వరము వచ్చిన పదిదినములు గంజి ఎవరింటినుండి పోయెను? ఒక విధవరాలి యింటినుండి అని తెలిసినది. మనలో మరి యెవరును చేయి ఎత్తలేదు.

తరువాతి బుధవారము ఆ పేరు చదివితిమి. పెద్దగారు ఆమేన్ అనలేదు. కూటము ముగిసినతరువాత మాత్రము, చెప్పులు తొడుగుకొనుచు, ఆ అబ్బాయి హైదరాబాదు విలాసము మా యొద్ద నున్నదా అని అడిగిరి.